బడిలో పిల్లల లీడర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్ 12న బడి తెరిచిన వారంలోనే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. గేటు దగ్గర తల్లులు అడుగుతారు, కొత్తగా వచ్చిన టీచర్లు అడుగుతారు, 3వ తరగతి పిల్లలైతే నా కుర్చీ చుట్టూ మూగి మరీ అడుగుతారు. ప్రాథమిక పాఠశాలల్లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. ఇదంతా 1 నుంచి 5 దాకా తరగతులున్న బడి గురించి. హైస్కూలు సంగతి వేరు. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవనక్కర్లేదు.

## లీడర్లను పెట్టుకునే ముందు

చిన్నపిల్లల బడిలో లీడర్లు ఎందుకండీ? క్రమశిక్షణ టీచర్ల పని కదా?

టీచర్ల పనే, సందేహం లేదు. కానీ బడి సవ్యంగా నడవడమంటే క్లాసులో నిశ్శబ్దం ఒక్కటే కాదు. కుళాయి కట్టేశారా, చాక్‌పీసులున్నాయా, ఒకటో తరగతి పిల్లాడి రెండో చెప్పు ఎటు పోయింది, ఇలాంటివి రోజుకు వంద. విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. ఐదు తరగతులకు ఇద్దరు! ఒకరు సెలవు పెట్టినా, మండలంలో మీటింగ్‌కు వెళ్ళినా మిగిలేది ఒక్కరు. ఆ చిన్న పనులు పిల్లలు పంచుకుంటే టీచర్ పాఠం చెప్పుకోగలుగుతారు.

పెద్ద పిల్లలు చిన్నవాళ్ళను చూసుకోవడం మనకేం కొత్త కాదు. బళ్ళారి కలెక్టర్‌గా ఉన్న క్యాంప్‌బెల్ 1823లో మద్రాసుకు పంపిన నివేదికలో, ఇక్కడి బడుల్లో ముందున్న పిల్లలే వెనకవాళ్ళకు నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేనని కూడా రాశాడు. అయితే మన వీధి బడుల్లో కోదండం వేయడం, అంటే పిల్లల్ని తాడుకు వేలాడదీసే శిక్ష, కూడా ఉండేది. చిన్నవాళ్ళకు నేర్పడం తీసుకుందాం, తాడు వదిలేద్దాం.

లీడర్ అనాలా, మానిటర్ అనాలా, మంత్రి అనాలా?

ఏదైనా అనండి. కొన్ని బడుల్లో క్లాస్ లీడర్, ఎస్పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్) అంటారు. కొన్నిచోట్ల బాలల మంత్రివర్గం పేరుతో ప్రధానమంత్రి, ఆరోగ్యమంత్రి అని పెడతారు. ప్రైవేటు బడుల్లో హౌస్ కెప్టెన్లు ఉంటారు. నేను చూసేది ఒక్కటే: ఆ పిల్ల చేసే పని ఒక్క ముక్కలో చెప్పగలగాలి. 'విద్యామంత్రి' రోజూ ఏం చేస్తాడని అడిగితే మేమే తడుముకున్నాం, ఆ పదవి తీసేశాం. ఇప్పుడు మా దగ్గర కుళాయి లీడర్, గంట లీడర్, చెప్పుల లీడర్ అంటాం. చెప్పుల లీడర్ అంటే మొదట్లో నవ్వారు. వరండా ముందు చెప్పులన్నీ జతలు జతలుగా కనిపించడం మొదలయ్యాక ఆ పనికే గిరాకీ ఎక్కువైంది.

ఎన్నో తరగతి నుంచి ఈ బాధ్యతలు ఇవ్వొచ్చు?

ఒకటో తరగతి నుంచే ఇవ్వొచ్చు, కాకపోతే ఒక్కరోజు పని. 'ఇవాళ డస్టర్ నీది' అంటే చాలు, ఆరేళ్ళ పిల్ల దాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, దేవుడి పళ్ళెం మోస్తున్నంత జాగ్రత్తగా నడుస్తుంది. 3వ తరగతిలో వారం, 4, 5 తరగతుల్లో నెల ఇవ్వొచ్చు. ఏడాదంతా ఒకరికే కట్టబెట్టకండి. దసరా సెలవులు దాటేసరికి వాళ్ళకు పని మీద విసుగు వస్తుంది, మిగతావాళ్ళకు వాళ్ళ మీద విసుగు వస్తుంది.

## ఎంపిక

మా అమ్మాయికి క్లాసులో ఫస్ట్ మార్కులు. తననే లీడర్ చేయాలి కదా?

అలా రూలేం లేదమ్మా. లెక్కలు బాగా చేయడం వేరు, పక్కవాళ్ళను గమనించడం వేరు. బడి తెరిచిన మొదటి రెండు వారాలు నేను ఎవరినీ పెట్టను, చూస్తూ ఉంటాను. కిందపడ్డ పళ్ళెం తనది కాకపోయినా ఎవరు తీశారు? బెంచీ ఇరుకైతే ఎవరు జరిగారు? అమ్మ కావాలని ఏడుస్తున్న కొత్త పిల్లను ఎవరు పలకరించారు? ఆ పేర్లు డైరీ చివరి పేజీలో రాసుకుంటాను. చాలాసార్లు అందులో చదువులో మధ్యస్థంగా ఉండే పిల్లలే ఉంటారు. మీ అమ్మాయి పేరూ ఉండవచ్చు, కానీ మార్కుల వల్ల కాదు.

మా వాడు మహా అల్లరి. వాణ్ణే లీడర్ చేస్తే దారికొస్తాడంటారు, నిజమేనా?

సగం నిజం. అల్లరి పిల్లాడికి కాళ్ళతో చేసే పని ఇస్తే బాగుపడతాడు. తోటిపిల్లల మీద అధికారం ఇస్తే మాత్రం, నిన్నటిదాకా తను తిన్న తిట్లన్నీ ఇంకొకరికి వడ్డిస్తాడు. మా దగ్గర ఒకడు కుదురుగా ఐదు నిమిషాలు కూర్చునేవాడు కాదు. వాడికి గంట అప్పజెప్పాం. గంట కొట్టాలంటే టైము తెలియాలి కదా, రెండు నెలలుగా నేను నేర్పలేకపోయిన గడియారం వాడికి మూడు రోజుల్లో వచ్చేసింది. 'టీచర్, పదకొండుకి పావు తక్కువ, ఇంకా కొట్టొద్దా?' అని కిటికీలోంచి అడిగేవాడు. క్లాసులో అల్లరి తగ్గిందా అంటే, కొంచెం.

ఎన్నికలు పెట్టాలా, టీచరే పేరు చెప్పాలా?

ఒకటి రెండు పదవులకు ఎన్నిక పెట్టి, మిగతా పనులు వంతులవారీగా తిప్పడం మేలు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ మాట వినాలని 12వ అధికరణం చెప్తుంది. భారత్ 1992లో దాన్ని ఒప్పుకుంది. అంత దూరం పోకపోయినా, తాము ఎన్నుకున్న లీడర్ మాట పిల్లలు కాస్త ఎక్కువ వింటారని ఏ టీచర్‌నడిగినా చెప్తారు.

ఎన్నిక పెట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. చాక్లెట్లు పంచితే పోటీ నుంచి తప్పిస్తామని ముందే చెప్పండి. మన పిల్లలు ఇంట్లో అన్నీ చూస్తున్నారు! ఒక్కొక్కరికి ఒక నిమిషం మాట్లాడే అవకాశం ఇవ్వండి, 'గెలిస్తే ఏం చేస్తాను' అన్నది తప్ప వేరే మాట వద్దనండి. ఒకటో తరగతి పిల్లలు పేర్లు చదవలేరు కాబట్టి గుర్తులు పెట్టండి: గాలిపటం, గొడుగు, బంతి. ఫోన్లో ఓటింగ్ యాప్ పెట్టేవాళ్ళున్నారు, 'బీప్' శబ్దం పిల్లలకు సరదా. నాకు మాత్రం చీటీలే ఇష్టం. ఒక్కో చీటీ విప్పి బోర్డు మీద గీతలు గీస్తూ ఐదేసి కట్టలు కడుతుంటే ఆ గంట లెక్కల క్లాసు కూడా అయిపోతుంది.

ఓడిన పిల్లలకు అదే రోజు ఏదో ఒక పని ఇవ్వండి. మర్నాటికి వాయిదా వేస్తే కొందరు బడికి రారు.

గంట మగపిల్లలు, చీపురు ఆడపిల్లలు. మా బడిలో ఎప్పట్నుంచో ఇదే వరస. ఎలా మార్చాలి?

చార్టుతో మార్చాలి. ఉపన్యాసంతో మారదు. ఎడమపక్క పనులు, పైన వారాలు, గళ్ళలో పేర్లు. ఎవరి వంతు వస్తే వాళ్ళే. 'మా అబ్బాయి చీపురు పట్టడమేంటి' అని ఒకాయన వచ్చారు. శనివారం వంతులో నా పేరు కూడా ఉందని చూపించాను. ఆయన చార్టు కిందినుంచి పైదాకా చదివి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు.

కులం దగ్గర మాత్రం ఇంకా గట్టిగా ఉండాలి. మరుగుదొడ్డి కడగడం బడిలో ఏ పిల్లల పనీ కాదు, లీడర్ల పని అంతకన్నా కాదు. నీళ్ళు అందించేవాళ్ళు ఫలానా వాళ్ళే కావాలని గానీ, ఫలానా వాళ్ళు వద్దని గానీ ఎవరైనా అంటే ఒక్క అంగుళం కూడా సర్దుకోవద్దు. 'ఒక్కరోజుకే కదా' అని సర్దుకున్నది చూస్తుండగానే పద్ధతి అయిపోతుంది.

## రోజూ బడిలో

ప్రేయర్ దగ్గర లీడర్ ఏమేం చేయాలి?

సావధాన్, విశ్రామ్ చెప్పడం, ప్రతిజ్ఞ చెప్పించడం, ఆనాటి వార్తలు చదివే పిల్లను ముందుకు పిలవడం. ఇంతే. ఆలస్యంగా వచ్చినవాళ్ళను గేటు బయట నిలబెట్టడం లీడర్ పని కాదు. ఎండలో ఎవరికైనా కళ్ళు తిరిగితే ప్రార్థన అయ్యేదాకా ఆగకుండా వెంటనే టీచర్‌ను పిలవాలని మొదటి రోజే నేర్పండి. 'సావధాన్‌లో కదలకూడదు కదా' అని పక్కపిల్ల కూలబడుతున్నా బిగుసుకుని నిలబడ్డ లీడర్‌ను చూశాను.

ఒక ముచ్చట. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగువారే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ జిల్లా అన్నెపర్తి. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో తెలుగులోనే రాశారు. ప్రతిజ్ఞ చెప్పించే పిల్లకు ఈ మాట చెప్పి చూడండి, మర్నాడు గొంతు ఎంత ఖంగుమంటుందో.

భోజనాల దగ్గర తోపులాట ఆగడం లేదు. లీడర్లను ఎక్కడ నిలబెట్టాలి?

బడి మొత్తంలో నాకు టెన్షన్ పెట్టే అరగంట ఇదే. 2019 నవంబర్‌లో కర్నూలు జిల్లాలో ఒక బడిలో భోజనాల వేళ ఆరేళ్ళ పిల్లవాడు వేడి సాంబారు గిన్నెలో పడి చనిపోయాడు. అది చదివిన రోజు నుంచి మా దగ్గర గిన్నెల దగ్గరకు ఏ పిల్లనూ పోనివ్వం, లీడర్లను కూడా. వడ్డన వంట చేసే అక్కలదీ టీచర్లదీ. గిన్నెలు మోయడం, సాంబారు బకెట్ పట్టుకోవడం, గంటె తిప్పడం పిల్లలకు వద్దే వద్దు. 'మా 5వ తరగతి పిల్లలు బాగా పెద్దవాళ్ళండీ' అంటారు కొందరు. పదేళ్ళవాళ్ళే కదా.

మరి లీడర్లు ఎక్కడ? మేం చేసేది చెప్తాను. కుళాయి దగ్గర నుంచి వరండా దాకా సున్నంతో అడుగుల గుర్తులు గీస్తాం, ఒక్కో గుర్తుకూ మధ్య మూరెడు దూరం. వాన పడితే చెరిగిపోతాయి, మళ్ళీ గీస్తాం. చెయ్యి చాచి హద్దు చూపించే లీడర్ కన్నా ఆ సున్నం గుర్తే ఎక్కువ పనిచేస్తుంది. 'నీ అడుగు మీద నిలబడు' అంటే రెండో తరగతి పిల్లాడికి కూడా వెంటనే అర్థమవుతుంది. 'లైన్లో ఉండు' అంటే ఎక్కడుండాలో వాడికేం తెలుసు?

కుళాయి లీడర్ ఒకరు: చేతులు కడిగిన ఐదుగురిని ఒక్కసారి పంపిస్తారు, ఆ ఐదుగురు కూర్చున్నాక ఇంకో ఐదుగురు. పళ్ళేల దగ్గర ఒకరు. వరస చివర ఒకరు, చిన్నపిల్లలు మధ్యలో తప్పిపోకుండా. ఒకటో తరగతి ముందు కూర్చోవాలి, తర్వాత వరసగా పై తరగతులు. ఎండాకాలంలో ఒకటో తరగతి కూర్చునే చోటికి నీడ ముందే చూసుకోవాలి.

గుడ్డు పెట్టే రోజు తోపులాట రెట్టింపు. అందరికీ సరిపడా ఉన్నాయని ముందే పిల్లలకు బుట్ట చూపించండి. సగం తోపులాట 'నాదాకా రాదేమో' అన్న భయం వల్లే.

ఇంకొకటి. ప్రాథమిక తరగతుల పిల్లలకు మనిషికి రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. మారు వడ్డించమని అడిగితే 'చాలు పో' అనే అధికారం ఏ లీడర్‌కూ లేదు. అన్నం వదిలేసిన వాళ్ళ పేర్లు చెప్పించడం కూడా వద్దు. ఆ పూట ఒంట్లో బాగాలేక వదిలేసి ఉండవచ్చు.

లీడర్ అందరి తర్వాత తినాలా?

వద్దు. తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా అందరితో పాటే ఆకలేస్తుంది. తన తరగతితో కూర్చుని తినాలి. ఆ కాసేపు ఆ చోట ఇంకొకరు నిలబడతారు, అందుకే ప్రతి పనికీ ఇద్దరుండాలి.

నీళ్ళ గంట కొట్టినప్పుడు ఏం చూడాలి?

ఎండాకాలంలో వాటర్ బెల్ కొట్టగానే అందరూ సీసా తీసి తాగారా అని చూడటమే. సీసా తెచ్చుకోని పిల్లలు ఎవరో లీడర్‌కు తెలియాలి, అందరి ముందూ పిలవకుండా గ్లాసు అందించాలి. మరుగుదొడ్డికి వెళ్ళడానికి లీడర్ పర్మిషన్ అడగాలనే పద్ధతి ఎక్కడైనా ఉంటే ఈరోజే తీసేయండి. ఒకటో తరగతి పిల్లలు అడగడానికి సిగ్గుపడి తడుపుకుంటారు. ఆ తర్వాత వారం బడికి రారు.

టీచర్ లేనప్పుడు లీడర్‌కు క్లాసు అప్పజెప్పవచ్చా?

పక్క గదిలో టీచర్ ఉండి, తలుపు తీసి ఉండి, పిల్లల చేతిలో చేసే పని ఉంటే పది నిమిషాలు ఫర్వాలేదు. ఎక్కాలు చదివించడం, నోట్సు పంచడం, కథల పుస్తకాలు ఇవ్వడం లాంటివి. పీరియడ్ మొత్తం గానీ, పూట మొత్తం గానీ కూడదు. ఏకోపాధ్యాయ బడుల్లో ఇబ్బంది నాకు తెలుసు, నేనూ అలాంటి బడిలో నాలుగేళ్ళు చేశాను. అప్పుడు కూడా మీటింగ్‌కు వెళ్ళేముందు మండలంలో చెప్పి ఎవరినైనా పంపించమని అడగాలి. పిల్లాడు గోడ దూకి కాలు విరగ్గొట్టుకుంటే 'లీడర్‌కు చెప్పి వెళ్ళాను' అన్న మాట ఎక్కడా నిలబడదు. అంతకంటే, ఆ లీడర్ పిల్ల అది తన తప్పే అనుకుని కుమిలిపోతుంది.

## అల్లరి, గొడవలు

అల్లరి చేసినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయిస్తే తప్పేంటి? మేమూ అలాగే చదువుకున్నాం.

నేనూ అలాగే చదువుకున్నాను, చాలా ఏళ్ళు నేనూ రాయించాను. మానేసిన కారణం చెప్తాను.

4వ తరగతిలో ఒక అమ్మాయి లీడర్. నేను ఆఫీసు గదికి వెళ్ళొచ్చేసరికి బోర్డుకు కుడిపక్క నిలువు గీత, పైన 'మాట్లాడినవాళ్ళు' అని అందమైన దస్తూరీ, కింద పేర్లు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ. మరీ అల్లరైతే మూడు ఇంటూలు. నాకు ముచ్చటగా ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం పక్కనుంచి వెలుతురు పడితే, చేత్తో తుడిచేసిన చోట తెల్లటి మరక కింద ఇంకొన్ని పేర్లు కనిపించాయి. తుడిచేసిన పేర్లన్నీ రెండో బెంచీవే. ఆ పిల్ల కంపాస్ బాక్స్ తెరిపించాను. పెన్సిల్ ముక్కలు, రెండు వాసన రబ్బర్లు, కాగితం సగం విప్పిన చాక్లెట్. ఇచ్చుకోవడానికి ఏమీ లేని పిల్లల పేర్లు మాత్రం బోర్డు మీద అలాగే ఉన్నాయి, మూడేసి ఇంటూలతో.

ఆ పిల్లను నేను తిట్టలేదు. చాక్‌పీసు, డస్టర్ రెండూ ఆమె చేతికిచ్చి, నేను కళ్ళు మూసుకుని ఆ జాబితాను నమ్మి పిల్లల్ని నిలబెట్టాను. ఎవరి తప్పు?

ఇంకో సంగతి కూడా ఉంది. రోజూ అవే మూడు నాలుగు పేర్లు పడేవి. కొన్నాళ్ళకు వాళ్ళు నోరు తెరవకముందే రాసేసేది. ఎలాగూ పేరు పడుతుందని వాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టేవాళ్ళు.

ఇప్పుడు అదే కుడిపక్క 'ఇప్పుడు చేయాల్సినవి' అని నేనే మూడు పనులు రాసి వెళ్తాను. అయిపోయినవాళ్ళు తామే వచ్చి టిక్కు పెట్టుకుంటారు. లీడర్ పుస్తకాలు అందిస్తుంది, రానివాళ్ళకు చూపిస్తుంది. గోల పెరిగితే చప్పట్ల తాళం వేస్తుంది, అందరూ తాళం కలిపి ఆగుతారు. క్లాసు మునుపటి కన్నా కొంచెం ఎక్కువే సందడిగా ఉంటుంది. నాకేం ఇబ్బంది లేదు.

ఊరికే భయానికి లీడర్ చేతికి స్కేలు ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. టీచర్ చేయకూడని పని పిల్లల చేత చేయించడం ఇంకా తప్పు. గోడకుర్చీ, గుంజీలు, మోకాళ్ళ మీద నిలబెట్టడం, ఇవన్నీ కూడా అందులోకే వస్తాయి. 'ఊరికే పట్టుకున్నా'నని అన్న స్కేలు వారం తిరిగేలోపు ఎవరో ఒకరి వేళ్ళ మీద పడుతుంది.

లీడర్ మాట ఎవరూ వినడం లేదు. ఇంటికొచ్చి ఏడుస్తోంది.

ముందు ఆ పిల్ల ఏం చెప్తోందో వినండి. చాలామంది లీడర్లు టీచర్ గొంతును అనుకరిస్తారు: 'ఏయ్, సైలెన్స్! చెప్తే అర్థం కాదా?' తోటిపిల్లలకు అది నవ్వులాటగా ఉంటుంది. పేరు పెట్టి పిలవడం, పక్కకెళ్ళి మెల్లగా చెప్పడం, రెండుసార్లు చెప్పాక వదిలేసి టీచర్‌కు చెప్పడం నేర్పాలి. మూడోసారి చెప్పడం లీడర్ బాధ్యత కాదని ఆ పిల్లకు స్పష్టంగా తెలిస్తే సగం బరువు దిగిపోతుంది. మేం ప్రతి సోమవారం ప్రేయర్ తర్వాత పది నిమిషాలు లీడర్లతో వేపచెట్టు కింద కూర్చుంటాం. పోయిన వారం ఏది కష్టమైందో ఒక్కొక్కరూ చెప్తారు, అంతే.

చెప్తే చాడీలంటారు, చెప్పకపోతే 'ఎందుకు చెప్పలేదు' అంటారు. ఏవి చెప్పాలి టీచర్?

మంచి ప్రశ్న నాన్నా. ఐదు గుర్తుపెట్టుకో: రక్తం, ఏడుపు, నీళ్ళు, కరెంటు, గేటు. ఎవరికైనా దెబ్బ తగిలినా, ఎవరైనా ఆగకుండా ఏడుస్తున్నా, ట్యాంకు దగ్గరో బావి దగ్గరో ఎవరైనా ఆడుతున్నా, స్విచ్చుల్లో వేలు పెడుతున్నా, గేటు దాటుతున్నా పరిగెత్తుకొచ్చి చెప్పు. నేను ఎవరితో మాట్లాడుతున్నా ఫర్వాలేదు, మధ్యలో వచ్చి చెప్పు. 'టీచర్, వాడు నా వైపు నాలుక చాపాడు' అన్నది సాయంత్రం చెప్పినా చాలు. మర్చిపోయినా చాలు.

లీడర్ అక్క నన్ను గిల్లింది. చెప్తే ఇంకా గిల్లుతానంటోంది. ఎవరికి చెప్పాలి?

నీకు నచ్చిన ఏ టీచర్‌కైనా చెప్పమ్మా. నీ క్లాసు టీచరే కానక్కర్లేదు. వంట చేసే అక్కకు చెప్పినా మా దాకా వస్తుంది, ఇంట్లో అమ్మకో తాతకో చెప్పినా వస్తుంది. నువ్వు చెప్పావని ఆ అక్కకు మేం చెప్పం. బడిలో గానీ బయట గానీ ఎవరైనా నిన్ను బాధపెడుతుంటే, పెద్దవాళ్ళెవరూ వినకపోతే, 1098కి ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ పిల్లల కోసమే.

తప్పు చేసిన లీడర్‌ను వెంటనే తీసేయాలా?

కొట్టడం, బెదిరించడం, వస్తువులు తీసుకోవడం జరిగితే ఆ పని ఆరోజే ఆపించాలి. కానీ ప్రేయర్‌లో అందరి ముందూ బ్యాడ్జి పీకడం వద్దు. బాధపడిన పిల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించాలి, తీసుకున్నవి తిరిగి ఇప్పించాలి. కొన్నాళ్ళాగి మొక్కలకు నీళ్ళు పోయడం లాంటి పనితో మళ్ళీ మొదలుపెట్టించవచ్చు.

## ఇంటివైపు నుంచి

లీడర్ అయ్యాక ఇంట్లో తమ్ముడి మీద పెత్తనం చేస్తోంది. ఏం చేయాలి?

రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నవ్వుకోవడం మాత్రం ఎదురుగా వద్దు. 'బడిలో నీ పనేంటి?' అని అడగండి. 'అందరినీ కంట్రోల్ చేయడం' అని చెప్తే మాకు ఒక మాట చెప్పండి, మేమే ఎక్కడో తప్పుగా చెప్పి ఉంటాం.

ఈ పనుల వల్ల చదువు దెబ్బతినదా?

పనులన్నీ ప్రేయర్ ముందు, ఇంటర్వెల్, భోజనం, ఇంటి గంట వేళల్లోనే ఉండాలి. పాఠం జరుగుతుండగా లీడర్‌ను జిరాక్స్‌కు, టీకి, పక్క టీచర్ దగ్గరికి పంపుతుంటే మీరు వచ్చి అడగండి. అడిగే హక్కు మీకుంది. రోడ్డు దాటించే పనికి ఏ పిల్లనూ పంపకూడదు.

బ్యాడ్జికి, టైకి డబ్బులు కట్టాలా?

మా బడిలో అట్టముక్క, రంగు కాగితం, పిన్నీసు. పిల్లలే చేసుకుంటారు. డబ్బు కట్టలేని ఇంటి పిల్ల పోటీకి వెనకాడుతుందంటే ఆ బ్యాడ్జి అనవసరం.

స్వపరిపాలన దినోత్సవానికి చీర, పంచె అద్దెకు తేవాలా?

వద్దండీ. అమ్మ చీర మడతలు తగ్గించి కడితే చాలు, నాన్న కండువా ఉన్నా చాలు. నవంబర్ 14 దగ్గర్లో జరిగే ఈ ఒక్కరోజు పిల్లలే హెడ్మాస్టర్, టీచర్లు, ఎంఈఓ (మండల విద్యాధికారి). అటెండర్ వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అందుకని మేం ఏటా ముందు అటెండర్‌ను ఎంపిక చేసి, తాళాల గుత్తి, గంట, రిజిస్టర్లు అన్నీ ఆ పిల్ల చేతికిస్తాం. ఆ రోజంతా 'హెడ్మాస్టర్' తలుపు తీయమని ఆమె చుట్టూ తిరగాల్సిందే. ఇప్పుడు ఆ వేషానికి ముగ్గురు నలుగురు పోటీ పడుతున్నారు.

## ఏడాది చివర

5వ తరగతి వాళ్ళు వెళ్ళిపోతారు కదా, కొత్తవాళ్ళకు పని ఎవరు నేర్పుతారు?

వెళ్ళేవాళ్ళే నేర్పాలి. మార్చి సగంలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ప్రతి లీడర్ వెనకా ఒక 4వ తరగతి పిల్లను నడిపిస్తాం. మొదటి వారం చూడటమే, రెండో వారం ఇద్దరూ కలిసి, ఏప్రిల్‌లో కొత్తపిల్ల చేస్తుంటే పాతపిల్ల పక్కన నిలబడటం. పని ఎలా చేయాలో ఒక పేజీ రాసి ఇమ్మంటాం. పోయినేడు గంట లీడర్ రాసిన పేజీ ఇప్పటికీ ఆఫీసు గోడకు అంటించి ఉంది: 'రైలు పట్టా ముక్కను మధ్యలో కొట్టకూడదు, కింది చివర కొట్టాలి. ఫస్ట్ బెల్లు గట్టిగా. లాంగ్ బెల్లు ఆపకుండా ఇరవై. కొట్టేముందు కింద చిన్నపిల్లలు ఉన్నారేమో చూడాలి. కడ్డీని మళ్ళీ కిటికీలో పెట్టాలి, లేకపోతే పొద్దున వెతుక్కోవాలి.'